ఎనిమిదో కాగితం

మా నాన్న దగ్గర ఒక టెస్ట్ లాంప్ ఉంది. చూడ్డానికి ఏమీ ఉండదు. ఒక చిన్న బల్బు, దానికో హోల్డరు, రెండు వైర్లు, వాటి చివర రెండు మొనలు, అంతే. కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది అది వెలిగి చెబుతుంది. దాని మెడకు చుట్టిన నల్ల టేపు వయసులో నాకంటే పెద్దది. ఎనిమిదేళ్ళప్పుడు నేను దాన్ని ముట్టుకున్నందుకు నాన్న నా వీపు మీద ఒక్కటి వేశాడు. ఆ చప్పుడుకి పక్క వీధిలో రెండు కుక్కలు ఊరొదిలి వెళ్ళిపోయాయి. అప్పటినుంచి, అంటే పధ్నాలుగేళ్ళుగా, ఆ లాంపు ఎప్పుడు నా చేతికొస్తుందా అని కాచుక్కూర్చున్నాను.

ఆ ఆదివారం పొద్దున నాన్న దాన్ని సంచీలోంచి తీసి మా వదిన చేతిలో పెట్టాడు.

"ఇదిగో అమ్మా, నువ్వు పట్టుకో."

నా చేతిలో టార్చి పెట్టాడు.

"నువ్వు వెలుతురు చూపించు. మొన్నట్లా నా కళ్ళల్లోకి కొట్టావో, చంపేస్తా."

మేం పాత ఆటల మెషీన్లు బాగుచేస్తాం. ముఖ్యంగా పిన్‌బాల్ మెషీన్లు. ఏటవాలు బల్ల మీద అద్దం, అద్దం కింద పరిగెత్తే ఇనుప గుండు, గుండు కిందికి జారిపోకుండా కొట్టడానికి రెండు రెక్కలు, వెనక నిలువుపెట్టెలో స్కోరు చూపించే చక్రాలు. కంప్యూటర్లు రాకముందు చేసిన సరుకు కాబట్టి లోపలంతా రిలేలు, అంటే కరెంటుతో టక్కుమని పడి లేచే స్విచ్చులు; మోటార్లు, మైళ్ళకొద్దీ వైర్లు. ఒక్కో మెషీనులో ఉన్న వైరు తీసి సాగదీస్తే చంద్రుడి దాకా వెళ్ళి, అక్కడ చిన్న ముడి వేసుకుని, వెనక్కి రావచ్చు.

తొమ్మిదో ఏట నేను మొదటిసారి వైరు అతకడానికి సోల్డరింగు చేసినప్పుడు మా వీధి వీధంతా చీకటైపోయింది. ఆ రోజునుంచి నాన్న నన్ను 'ఫ్యూజు' అనే పిలుస్తాడు. అసలు పేరేమిటో ఆయనకి గుర్తుందో లేదో నాకు అనుమానమే.

వదిన మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. అంతకుముందు ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేసింది. వచ్చిన మొదటి వారమే మా షెడ్డులో ఒక మెషీను మూత ఎత్తి చూసి, "లిఫ్టులో కూడా ఇవే రిలేలు మామయ్యా. మనుషుల బదులు గుండు, అంతే తేడా" అంది. నాన్న ఆ మాటని ఇప్పటికి నలభై మందికి చెప్పాడు. అందులో పాలవాడికి రెండుసార్లు చెప్పాడు. నేను ఇరవై రెండేళ్ళలో ఎన్ని మాటలన్నాను! ఒక్కటీ పాలవాడి దాకా వెళ్ళలేదు.

నాకు అసూయ అని కాదు. ఈ నాలుగు నెలల్లో నాలుగు కిలోలు తగ్గిన మాట నిజమే. కానీ అది అసూయ వల్ల కాదు. వదిన వంట కూడా బాగా చేస్తుంది. అది ఒప్పుకోవడం ఇష్టంలేక అన్నం తగ్గించాను.

వ్యానులో వెళ్తుండగా నాన్న అసలు సంగతి చెప్పాడు.

"నా కళ్ళు పోయాయి. మోకాళ్ళు అంతకుముందే పోయాయి. ఇవాళ్టితో నేను పెట్టెల్లో తల దూర్చడం ఆఖరు. ఇప్పుడు వెళ్తున్న మెషీనులో ఫాల్టు ఎవరు పట్టుకుంటే ఆ లాంపు వాళ్ళది."

"నాకొద్దు నాన్నా" అన్నాడు వ్యాను నడుపుతున్న అన్నయ్య.

"నిన్నెవడడిగాడు?"

అంటే పోటీ ఇద్దరి మధ్యే. అందులో ఒకళ్ళ చేతిలో అప్పటికే లాంపు ఉంది, ఇంకొకళ్ళ చేతిలో టార్చి ఉంది. ఇంత న్యాయమైన పోటీ ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

అన్నయ్య మమ్మల్ని ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్ ముందు దింపి, వ్యానులోనే నిద్రపోయాడు. సెలవురోజు కాబట్టి పేషెంట్లు లేరు. రోగులు కూర్చునే గదిలో వరసగా ఆరు కుర్చీలు, గోడ మీద, మధ్యకి కోసి లోపల చూపించే పన్ను బొమ్మ, ఆ పన్ను కింద మా మెషీను. దాని వెనక అద్దం మీద ఎర్రటి ఆక్టోపస్ బొమ్మ, ఎనిమిది చేతుల్లో ఎనిమిది దీపాలు. పన్ను పీకించుకోడానికి వచ్చినవాళ్ళు కాసేపు భయం మరిచిపోతారని డాక్టరు గారు దాన్ని పదేళ్ళ కిందట పెట్టించాడట.

"ఇప్పుడు దీన్ని చూసే పారిపోతున్నారు మేస్త్రీ గారూ. మీరే వినండి" అని డాక్టరు గారు స్టార్టు బటన్ నొక్కాడు.

కటకటకటకట అని మోటారు మొదలైంది. ఆగలేదు.

"విన్నారా? బయట కూర్చున్నవాళ్ళు ఇది నా డ్రిల్లు అనుకుంటున్నారు. లోపల ఎవరికో దవడ మొత్తం తవ్వేస్తున్నానని మొన్న ఒకాయన చెప్పులు కూడా వదిలేసి పోయాడు."

నాన్న కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుని విన్నాడు. "చక్రాలెలా ఉన్నాయమ్మా?" అన్నాడు. అమ్మా అంటే నేను కాదు.

"మూడు సున్నా దగ్గరికి వచ్చేశాయి మామయ్యా. వందల చక్రం మాత్రం ఏడు దగ్గరే కూర్చుంది."

విషయం తేలికే. ఆట మొదలుపెట్టగానే స్కోరు చక్రాలన్నీ సున్నాకి రావాలి. అన్నీ వచ్చేదాకా మోటారు తిరుగుతూనే ఉంటుంది. వందల చక్రం అలిగి కూర్చుంది కాబట్టి మోటారు పాపం బతిమాలుతూనే ఉంది. చక్రానికి కరెంటు అందడం లేదు. ఎక్కడ తెగిందో పట్టుకోవాలి. ఆ దారిలో ఏడు రిలేలున్నాయి, ఒక్కో రిలేకీ నాలుగైదు కాంటాక్టులు, అంటే తాకితే కరెంటు పోనిచ్చే రేకుల జతలు.

వదిన దుప్పటంత సర్క్యూటు పటాన్ని నేల మీద పరిచి, దాని మీద మోకాళ్ళేసుకుని కూర్చుంది. తరవాత గోడ క్యాలెండరు కాగితాన్ని సన్నగా చీల్చిన ముక్కలు జేబులోంచి తీసింది. ఇది మా షెడ్డు పద్ధతి. ఏ కాంటాక్టు మీద అనుమానముంటే దాని రెండు రేకుల మధ్య కాగితం ముక్క దూరుస్తాం. కాగితంలోంచి కరెంటు పోదు కాబట్టి, ఆ దారి మూసేస్తే మెషీను ఎలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది. దూర్చిన ప్రతి కాగితానికీ అరచేతి మీద పెన్నుతో ఒక గీత గీసుకోవాలి. పనయ్యాక గీతలెన్నో కాగితాలన్ని బయటికి రావాలి. ఇందులో దేవుడొచ్చి అడిగినా మినహాయింపు లేదు.

నాన్న కుర్రతనంలో ఒక కాగితం లోపల మరిచిపోయాడట. వాళ్ళ మేస్త్రీ కొట్టలేదు, తిట్టలేదు. మూడు రోజులపాటు నాన్నని 'మీరు' అని పిలిచాడట. "మీరు ఆ స్క్రూడ్రైవరు ఇస్తారా", "మీరు భోంచేశారా" అని. ఆ కథ చెప్పేటప్పుడు నాన్న ఇప్పటికీ లేచి నిలబడతాడు.

వదిన రెండు గంటలు పనిచేసింది. కాగితం దూర్చడం, లాంపు పెట్టి చూడ్డం, పటం మీద టిక్కు కొట్టడం. నేను టార్చి పట్టుకున్నాను. ఎంత కదలకుండా పట్టుకున్నానంటే ఒక సాలీడు నా మోచేతికి గూడు కట్టి, సంసారం కూడా మొదలుపెట్టింది. నాన్న కుర్చీలోంచి, "ఆ చెయ్యి చూడు, ఆ నిదానం చూడు. నేర్చుకోవే ఫ్యూజూ" అంటూనే ఉన్నాడు. పదకొండోసారి తరవాత లెక్కపెట్టడం మానేశాను.

"ఆరు రిలేలు బాగున్నాయి మామయ్యా. ఇదొక్కటే మిగిలింది" అంది వదిన, అడుగున మూలనున్న రిలేని చూపిస్తూ.

"టీ తాగి చూద్దురు గాని రండి" అని డాక్టరు గారు పిలిచాడు. వదిన మెషీను ఆపేసి, పెట్టిన కాగితాలన్నీ తీసింది. ఏడు గీతలు, ఏడు కాగితాలు. ముగ్గురూ లోపలికి వెళ్ళారు.

"నువ్వు రావా అమ్మాయ్?" అంది వదిన.

"నేను టార్చి పట్టుకోవాలి కదా" అన్నాను.

ఇంకో పది నిమిషాల్లో ఆవిడ ఆ ఏడో రిలే చూస్తుంది. ఫాల్టు దొరుకుతుంది. లాంపు పోతుంది. నేను ముసలిదాన్నయ్యాక కూడా టార్చి పట్టుకునే ఉంటాను. అందుకని చాలా చిన్న పని ఒకటి చేద్దామనుకున్నాను. ఆ రిలేలో ఏదో ఒక కాంటాక్టు మధ్య ఒక కాగితం దూరుస్తాను. మెషీను ఇంకాస్త చెడుతుంది. వదిన గంటసేపు తల గోక్కుంటుంది. అప్పుడు నేను ఆవలిస్తూ లేచి, "ఏదీ, ఓసారి జరుగు" అని రెండు నిమిషాల్లో తీసేస్తాను. పాలవాడికి చెప్పుకోవలసినంత కథ అవుతుంది.

క్యాలెండరు ముక్కలన్నీ వదిన జేబులోనే ఉన్నాయి. నా జేబులో వెతికితే చూయింగ్ గమ్ కాగితం దొరికింది. గమ్ము నోట్లో వేసుకుని, కాగితాన్ని రెండు మడతలు పెట్టి, చేతికందిన కాంటాక్టు మధ్య గట్టిగా దూర్చేశాను. వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ప్రపంచంలో నా అంత అమాయకంగా ఎవరూ గమ్ము నమిలి ఉండరు.

వాళ్ళు టీ తాగి వచ్చారు. వదిన మెషీనుకి కరెంటు పెట్టి, "ఇంకోసారి విందాం" అని స్టార్టు బటన్ నొక్కింది.

కటకటకట. టక్, టక్, టక్. వందల చక్రం ఏడునుంచి ఎనిమిదికి, ఎనిమిదినుంచి తొమ్మిదికి, అక్కణ్ణుంచి సున్నాకి వచ్చింది. మోటారు ఆగిపోయింది. ఆక్టోపస్ ఎనిమిది చేతులా దీపాలు వెలిగాయి. బల్ల మీదకి ఒక గుండు వచ్చి నిలబడింది.

నేను గమ్ము మింగేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. చూయింగ్ గమ్ కాగితం ఒట్టి కాగితం కాదు. దానికో వైపు వెండిరంగు రేకు ఉంటుంది. నేను ఆ రేకు పైకొచ్చేలా మడిచాను. నేను దారి మూయలేదు. తెగిన చోట వంతెన కట్టాను. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్నవాళ్ళకి కూడా దొరకని కాంటాక్టుని, చెడగొట్టే ఉద్దేశంతో, ఒక్క దెబ్బకి బాగుచేశాను.

"శభాష్ అమ్మా!" అని నాన్న కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళు పోయాయన్నది అబద్ధమని అప్పుడే తేలింది.

"నేనింకా ఏమీ చేయలేదు మామయ్యా" అంది వదిన.

"చూశావా వినయం! చూడవే, చూసి నేర్చుకో!"

"నిజంగా ఏమీ చేయలేదండీ."

"ఇంత పని చేసి ఏమీ చేయలేదంటోంది చూశారా డాక్టరు గారూ? మా ఇంటికొచ్చిన అదృష్టమండీ ఇది."

ఆ మాట నాకు చెవిలోంచి దూరి కడుపులోకి దిగి, మింగిన గమ్ము పక్కన కూర్చుంది.

డాక్టరు గారు ఆటకి దిగాడు. గుండు వెళ్ళి, బల్ల మీద కూడా ఉన్న ఆక్టోపస్ చేతుల్లో ఒకదాన్ని తాకింది. రెండొందలు రావాలి. మోటారు తిరిగింది, వందల చక్రం గబగబా తిరిగి సున్నాకి వచ్చింది, పక్కనున్న వేల చక్రం ఒక మెట్టు ఎక్కింది. మళ్ళీ తాకింది. ఇంకో వెయ్యి.

"పదేళ్ళలో నా పెద్ద స్కోరు మూడువేల నాలుగొందలు!" అని డాక్టరు గారు అరిచాడు. అప్పటికి ఎనిమిదివేలు దాటింది. ఆయన మెషీనుతో ఫోటో దిగాడు. తరవాత స్కోరుతో విడిగా ఫోటో దిగాడు.

నా వెండిరేకు ఆ కాంటాక్టులో ఇరుక్కుని, ఆట మొదట్లో మాత్రమే కరెంటు పోవలసిన దారిని తెరిచే ఉంచింది. మోటారు తిరిగినప్పుడల్లా వందల చక్రం సున్నాకి పరిగెత్తుతోంది, దాంతోపాటే వేల చక్రం ఒక మెట్టు ఎక్కుతోంది. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

వదిన మొహం చిట్లించింది. "డాక్టరు గారూ, మీరెప్పుడూ ఇంత బాగా ఆడతారా?"

"ఆడతానమ్మా. మెషీనే ఇన్నాళ్ళూ సహకరించలేదు. ఇక దీన్ని ముట్టుకోకండి. ఇలాగే ఉండనివ్వండి."

నేను నోరు మూసుకుంటే రెండు రోజుల్లో ఆ రేకు మాడుతుంది, మెషీను మళ్ళీ మొండికేస్తుంది, మాట వదినకి వస్తుంది. లాంపు మెల్లిగా నా దారి పడుతుంది. అన్ని విధాలా మంచి పథకం. నేను నోరు మూసుకునేదాన్నే. కానీ నాన్న లాంపు వైర్లని జాగ్రత్తగా చుట్టి, రెండు చేతులతో వదిన ముందు పెట్టి, "ఇక ఇది నీదమ్మా. మా మేస్త్రీ తరవాత ఇంత చక్కటి చెయ్యి నేను చూడలేదు" అన్నాడు.

నా పనికి! నా పనితనానికి! నా చెడ్డపనికొచ్చిన పేరుని ఇంకొకళ్ళు ఎత్తుకుపోతుంటే ఏ మనిషి ఊరుకుంటుంది?

"అది బాగుచేసింది నేను!" అని అరిచాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"ఎప్పుడు?" అన్నాడు నాన్న.

"మీరు టీ తాగుతున్నప్పుడు."

"ఎలా?"

ఇక్కడ ఏదో అందమైన అబద్ధం చెప్పవలసింది. నోట్లోంచి నిజమే వచ్చింది. "చెడగొట్టబోయి."

వదిన వెంటనే మెషీను ఆపి, బల్ల ఎత్తి, లోపల తల పెట్టింది. ఏడో రిలేలోంచి రెండు వేళ్ళతో ఆ కాగితాన్ని లాగింది. అంచు నల్లగా మాడింది. గదంతా పుదీనా వాసన.

"ఇది ఎనిమిదోది" అంది మెల్లిగా.

డాక్టరు గారు తన తొమ్మిదివేల స్కోరు వైపు చూస్తూ కుర్చీలో కూర్చుండిపోయాడు. పన్ను లేకుండానే నొప్పి వచ్చినవాణ్ణి నేను మొదటిసారి చూశాను.

వదిన మెషీనుకి మళ్ళీ కరెంటు పెట్టి, లాంపు మొనలు రెండూ ఆ కాంటాక్టుకి అటూ ఇటూ ఆనించి స్టార్టు నొక్కింది. కాంటాక్టు బాగుంటే కరెంటు దానిలోంచే వెళ్ళిపోతుంది, బల్బు వెలగదు. చెడితే బల్బులోంచి వెళ్ళాలి. బల్బు మినుకు మినుకుమని వెలిగింది.

"ఇదే ఫాల్టు మామయ్యా. రేకుల మొనలు మసిపట్టి అంటుకోవడం లేదు. పట్టుకుంది తనే."

అది కూడా ఆవిడే చెప్పాలి. నాకు కోపం తెచ్చుకునే అవకాశం కూడా మిగల్చకూడదని కంకణం కట్టుకుంది.

నాన్న ఆ కాగితాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. వీపు సిద్ధం చేసుకున్నాను. తిట్లకి చెవులు సిద్ధం చేసుకున్నాను.

"మీరు కాస్త అటు జరగండి" అన్నాడు నాతో.

నా వెనక ఎవరైనా పెద్దమనిషి ఉన్నాడేమోనని తిరిగి చూశాను. గోడ మీద పన్ను తప్ప ఎవరూ లేరు.

"నాన్నా..."

"చెప్పండి."

ఇంట్లో గ్యాసు సిలిండరు తెచ్చే అతనితో అంటాడు నాన్న 'చెప్పండి' అని.

అప్పుడాయన వదిన వైపు తిరిగాడు. గొంతు ఒక్కసారిగా లేచింది.

"నీకేమైందే? బుద్ధుందా నీకు? ఏమీ చేయకుండా మెషీను దానంతటదే బాగుపడితే అనుమానం రావద్దూ? వచ్చింది కదా? వచ్చినప్పుడు వెంటనే ఆపవేం? లిఫ్టు అయితే ఇలాగే జనాన్ని ఎక్కించి పైకి పంపేదానివా? ముట్టుకుంటే పేలే ఫ్యూజొకటి ఇంట్లో ఉందని తెలుసు కదా! నువ్వు బ్రేకరులా ఉండాలి! టక్కుమని పడిపోవాలి! తెలిసిందా బ్రేకరూ?"

నాలుగు నెలల్లో ఆయన వదినని తిట్టడం అదే మొదటిసారి. వదిన తల దించుకుంది. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. నవ్వుతోంది. కొత్త చీర పెట్టినప్పుడు కూడా ఆ మొహంలో అంత వెలుగు లేదు.

ఆ తిట్లు నావి. ఇరవై రెండేళ్ళుగా ఒక్కదాన్నే అనుభవిస్తున్నాను. 'బుద్ధుందా' నాది. 'నీకేమైందే' నాది. పైగా ఆవిడకి పేరు కూడా పెట్టాడు. అది కూడా నా పేరుకంటే కొత్త మోడలు. ఫ్యూజు ఒకసారి పోతే పోయినట్టే. బ్రేకరు పడిపోయినా మీట పైకి లేపితే మళ్ళీ పనిచేస్తుంది.

నాన్న లాంపు వైర్లు విప్పాడు. "దీంతో ఇంకో పనుంది. ఈ రిలేనుంచి పైపెట్టెలో చక్రం దాకా దారంతా బాగుందో లేదో చూడాలి. ఒక మొన పైన, ఒక మొన కింద. ఒక మనిషి చేతులు అంతదూరం సాగవు, నా నడుం పోయింది అందుకే. చెరొకటి పట్టుకోండి. ఇకమీదట కూడా అంతే."

వదిన సన్న ఆకురాయితో కాంటాక్టు శుభ్రం చేసి, పైన నిలబడింది. నేను కింద పెట్టెలో తల దూర్చాను. పధ్నాలుగేళ్ళ తరవాత నా చేతిలో లాంపు ఉంది. సగం. కానీ నా బుర్ర వేరేచోట ఉంది.

"వదినా" అన్నాను గుసగుసగా. "ఇందాక 'పట్టుకోండి' అన్నాడు కదా. ఆ 'అండి' ఇద్దరం ఉన్నామనా, నా మీద కోపమా?"

"ఇద్దరం ఉన్నామనే అయ్యుంటుంది."

"నువ్వొక్కదానివే ఉంటే 'పట్టుకో' అనేవాడు కదా?"

"అనేవారు."

"నేనొక్కదాన్నే ఉంటే?"

వదిన వైరు లాగి చూసుకుంది. "మొన సరిగ్గా ఆనించు" అంది.

మెషీను సరిగ్గా పనిచేసింది. డాక్టరు గారు మళ్ళీ ఆడాడు. రెండువేల వంద వచ్చింది. థాంక్స్ చెప్పాడు గానీ మనస్ఫూర్తిగా చెప్పలేదు.

వ్యానులో నాన్న ముందు సీట్లో అన్నయ్య పక్కన, మేమిద్దరం వెనక. వీధి మలుపు తిరిగేలోగా "బ్రేకరూ, ఆ కిటికీ మూయి", "బ్రేకరూ, పటం మడిచావా", "బ్రేకరూ, నీళ్ళు ఇటివ్వు" అని మూడుసార్లు పిలిచాడు. నన్ను ఒక్కసారీ పిలవలేదు. నాలుగోసారి, "ఆవిణ్ణి కూడా సరిగ్గా కూర్చోమను" అన్నాడు. ఆవిణ్ణి!

నాన్న మేస్త్రీకి ఆ 'మీరు' మానడానికి మూడు రోజులు పట్టింది. నాకంత ఓపిక లేదు. టార్చి తీసి, ముందున్న అద్దంలో గురిచూసి, వెలుతురు సరిగ్గా నాన్న కళ్ళల్లోకి కొట్టాను.

"ఏమే ఫ్యూజూ! కళ్ళు పొడుస్తావా? బుద్ధి లేదూ? ఇంటికి రా, నీ సంగతి చెప్తా!"

ప్రాణం లేచొచ్చింది. సీట్లో వెనక్కి వాలి, కాళ్ళు చాపుకున్నాను.

వదిన ఆ తిట్లు వింటూ నన్నూ, నా చేతిలో టార్చినీ చూసింది. నాన్న ఇంకా తిడుతూనే ఉన్నాడు. ఆవిడ మెల్లిగా నా వైపు ఒరిగి, చెయ్యి చాపింది.

"అమ్మాయ్, ఆ టార్చి ఒకసారి ఇవ్వవా?"

నేను ఇవ్వలేదు. లాంపులో సగం ఇచ్చాను, అది చాలు.